బీకాం సంగతి దాచకు, తాతయ్య లెక్కల పుస్తకం బయటికి తియ్యి

(ప్రశ్న క్లుప్తంగా ఇది. సూళ్లూరుపేటలో బీకాం చేసి, చెన్నైలో ఎం.ఏ. హిస్టరీ ముగిస్తున్న అమ్మాయి పీహెచ్‌డీకి అప్లై చేస్తోంది. "చదువు నేపథ్యం, పరిశోధన ఆసక్తులు" అని ఒక పేజీ రాసివ్వమన్నారు. డిగ్రీలో హిస్టరీ లేదన్న సంగతి ఎలా కప్పిపుచ్చాలి, ఆసక్తులు ఎన్ని రాస్తే బాగుంటుంది, నెట్ (యూజీసీ అర్హత పరీక్ష) రాకపోతే దారేంటి అని అడిగింది. తన చిత్తుప్రతి కూడా పెట్టింది.)

అమ్మా, నిన్ను నువ్వు అనే అంటాను, మా పెద్దమ్మాయి నీకంటే రెండేళ్లు పెద్దది. నేను పెరంబూరులో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. పీహెచ్‌డీ ఇక్కడే చేశాను, ఇరవై రెండేళ్లుగా ఇక్కడే పాఠాలు చెబుతున్నాను, నువ్వు రాసిన లాంటి పేజీలు ఏటా ఓ కట్ట చదువుతుంటాను, కాబట్టి చదివేవాడికి ఎక్కడ ఆవలింత వస్తుందో, ఎక్కడ కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడో నాకు తెలుసు.

నీ చిత్తు మూడుసార్లు చదివాను. మొదటి వాక్యం "చరిత్ర పట్ల నాకు చిన్ననాటి నుంచి అమితమైన ఆసక్తి". ఇది అందరూ రాసేదే, కొట్టెయ్. తర్వాత మార్కులు, పర్సెంటేజీలు, సెమినార్ సర్టిఫికెట్లు. ఆ తర్వాత ఆసక్తుల పట్టిక: వలస పాలన, స్త్రీల చరిత్ర, పర్యావరణ చరిత్ర, శ్రామిక చరిత్ర, కరువులు, మద్రాసు తెలుగువారు, సాంస్కృతిక చరిత్ర. మొత్తం ఏడు. పెళ్లి భోజనంలో విస్తరి నిండా వడ్డించినట్టుంది, ఏది తిన్నావో మాత్రం తెలియడం లేదు. ఇక అన్నిటికంటే అడుగున, బ్రాకెట్లో, భయపడుతూ రాసిన వాక్యం ఇంకొకటి ఉంది చూడు: "మా తాతయ్య బకింగ్‌హాం కాలువలో కట్టెల పడవల మీద గుమాస్తాగా లెక్కలు రాసేవారు, ఆ పుస్తకాలు రెండు మా ఇంట్లో ఉన్నాయి, ఇది అకడమిక్ కాదేమో, తీసేయనా?"

తీసేయకు తల్లీ. మిగతా పేజీ అంతా తీసేసినా పరవాలేదు, అది మాత్రం ఉంచు.

ఎందుకో చెప్పే ముందు నా పరువు తక్కువ సంగతి ఒకటి చెప్పాలి. నేను మొదటిసారి అప్లై చేసినప్పుడు నా టాపిక్ "మద్రాసు తెలుగువారి సాంఘిక చరిత్ర, 1639 నుంచి 1953 వరకు". దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషువాళ్లకి జాగా ఇచ్చిన దగ్గర మొదలుపెట్టి ఆంధ్ర రాష్ట్రం విడిపోయేదాకా, మూడు వందల పద్నాలుగేళ్లు, ఒక్కణ్ణే మోసేద్దామనుకున్నాను. ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన నా పేజీ మడిచి పక్కన పెట్టి, "బాబూ, నీకు సీటు ఇచ్చాం అనుకో. సోమవారం పొద్దున పదిగంటలకి ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో కూర్చున్నావు. ఏ కాగితం తెమ్మని స్లిప్ రాస్తావు?" అన్నాడు. నాకు నోట మాట లేదు. మొదట ఏం చదవాలో కూడా తెలియకుండా మూడు శతాబ్దాలు రాస్తానని వెళ్లాను. సీటు రాలేదు. ఏడాది పోయింది. అప్పుడు ఆయన మీద మండిపడ్డాను కానీ ఇప్పుడు నేను కూడా ఇంటర్వ్యూల్లో అదే ప్రశ్న వేస్తున్నాను, కాబట్టి నువ్వు ఆ సోమవారానికి జవాబు సిద్ధం చేసుకుని ఆ తర్వాతే పేజీ రాయి.

ఇప్పుడు "చదువు నేపథ్యం" సంగతి. దాన్ని నువ్వు మార్కుల పట్టీ అనుకుంటున్నావు. చదివేవాడు వెతికేది వేరు: ఈ అమ్మాయి ఏ కాగితాన్ని సొంతంగా చదవగలదు? తెలుగు అచ్చు చదవగలదు సరే, చేతిరాత చదవగలదా? తమిళం మాట్లాడుతుందా, చదువుతుందా, ఆఫీసు తమిళం అర్థమవుతుందా? లెక్కలు చూస్తే బెదిరిపోతుందా? నువ్వు సూళ్లూరుపేట నుంచి రోజూ సబర్బన్ రైల్లో వస్తూ పోతూ రెండేళ్లలో తమిళ పేపర్ చదవడం నేర్చుకున్నానని ఎక్కడో ఒక ముక్క రాశావు. అది మూడో పేరాలో దాక్కుని ఉంది. అది మొదటి పేరాలో ఉండాలి. నీ సెమినార్ సర్టిఫికెట్లు పదీ కలిపినా దాని ముందు దిగదుడుపే.

ఈ విషయంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది కావలి సోదరుల కథ. ఏలూరువాళ్లు. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం ఊరూరా తిరిగి కైఫీయతులు (ఊళ్ల చరిత్ర కథనాలు), శాసనాలు, దండకవిలెలు (కరణాల ఊరి రికార్డులు) పోగు చేయించింది ముఖ్యంగా ఈ అన్నదమ్ములే. మెకంజీకి ఇక్కడి భాషలు రావు, ఆ మాట ఆయనే ఒక ఉత్తరంలో ఒప్పుకుని, బొర్రయ్య వల్లే తనకి ఈ దేశపు విద్యల గడప దాటే వీలు దొరికిందన్న అర్థంలో రాశాడు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు, పని లక్ష్మయ్య చేతికి వచ్చింది. మెకంజీ 1821లో పోయాక లక్ష్మయ్య ఆ పని తనే కొనసాగిస్తానని అడిగాడు. అప్పటికి ఆ కాగితాల గురించి అతనికి తెలిసినంత బతికున్నవాళ్లలో ఇంకెవరికీ తెలిసి ఉండదు. 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ తరఫున జేమ్స్ ప్రిన్సెప్ ఇచ్చిన అభిప్రాయం ఏమిటంటే, దీనికి విడి విషయాల నుంచి సాధారణ సూత్రాలు తీయగల పెద్ద బుర్ర కావాలి, అది లక్ష్మయ్య వల్ల కాదు, ఏ దేశీయుడి వల్లా అయ్యే పని కాదు అని. పని విలియం టేలర్ అనే మిషనరీకి పోయింది. అంటే లక్ష్మయ్యకి "అకడమిక్ బ్యాక్‌గ్రౌండ్" లేదన్నమాట! ఆ కాగితాల్లో మద్రాసు వాటాకి వచ్చినవి ఇవాళ ఓరియంటల్ మాన్యుస్క్రిప్ట్స్ లైబ్రరీలో ఉన్నాయి, కొట్టూర్‌పురం అన్నా లైబ్రరీ భవనానికి వెళ్తే చూడొచ్చు. అక్కడికి వెళ్లే ప్రతివాడూ ఆ అన్నదమ్ములు పోగు చేసిన ముడిసరుకు మీదే బతుకుతున్నాడు. నీ తాతయ్య పుస్తకాన్ని నువ్వే "ఇది అకడమిక్ కాదేమో" అన్నావు చూడు, అది చదివి నాకు ఒళ్లు మండింది, నీ మీద కాదులే, ఆ మాట నీకు నేర్పిన వాతావరణం మీద.

బీకాం గురించి. దాన్ని కప్పిపుచ్చడం ఎందుకు? పీహెచ్‌డీకి చూసేది పీజీ మార్కులు, అందులో 55 శాతం ఉంటే చాలు, డిగ్రీ ఏ సబ్జెక్టులో అన్నది అడ్డం కాదు. నిజం చెప్పాలంటే హిస్టరీ బీఏ చేసి వచ్చిన పిల్లల్లో చాలామంది లెక్కల కాగితం కనిపించగానే పేజీ తిప్పేస్తారు. నీకు జమాఖర్చు చదవడం వచ్చు. ఎదుటి పేజీలో మొత్తం సరిపోకపోతే నీకు దురద పుడుతుంది. ఆ దురదే కావాలి.

ఒక్క ఉదాహరణ చెబుతాను, ఇది నిజంగా నా స్టూడెంట్ ఒకడికి జరిగింది. కట్టెల ధరల మీద చిన్న పేపర్ రాస్తూ రెండు రిపోర్టుల్లోంచి అంకెలు తీసుకుని గ్రాఫ్ గీశాడు. పదేళ్లలో ధర మూడు రెట్లు పెరిగిందని తేల్చి, అడవుల చట్టం వల్లే ఇలా అయిందని నాలుగు పేజీల సిద్ధాంతం. మద్రాసు అడవుల చట్టం 1882లో వచ్చిన మాట నిజమే, కానీ ధర పెరగలేదు. మొదటి రిపోర్టులో మణుగు మద్రాసు మణుగు, అంటే 25 పౌండ్లు, మన లెక్కలో పదకొండు కిలోల పైచిలుకు. రెండో రిపోర్టులో మణుగు బెంగాల్ మణుగు, 82 పౌండ్ల పైన, సుమారు 37 కిలోలు. రెండిటికీ ఇంగ్లీషులో ఒకటే మాట. మూడు రెట్లు పెరిగింది బరువు! వాడు ఎం.ఏ. గోల్డ్ మెడలిస్టు. నువ్వయితే యూనిట్ ఏమిటని ముందే అడిగేదానివి.

ఇలాంటివే ఇంకా ఉన్నాయి. రెవెన్యూ కాగితాల్లో ఏడాది ఫసలీలో, అంటే శిస్తు లెక్కల సంవత్సరంలో, ఉంటుంది, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, కానీ ఫసలీ జూలైలో మొదలవుతుంది కాబట్టి ఫసలీ 1286 అంటే 1876 జూలై నుంచి 1877 జూన్ దాకా. మన ముసలివాళ్లు అదే కాలాన్ని ధాత కరువు అంటారు, తమిళంలో తాదు వరుష పంజం అంటారు, సంవత్సరం పేరొక్కటే. పాత వరహాల లెక్క తగిలితే వంద వరహాలకి 350 రూపాయలు. ఇవన్నీ బట్టీ పట్టమనడం లేదు, ఇలాంటివి ఎదురైతే ఆగుతానని నీ పేజీలో ఒక్క వాక్యంలో తెలిసేలా చెయ్యమంటున్నాను.

ఇప్పుడు అసలు సరుకు, కాలువ.

నువ్వు "పర్యావరణ చరిత్ర" అని రాశావు, "శ్రామిక చరిత్ర" అని రాశావు, "కరువులు" అని రాశావు, "మద్రాసు తెలుగువారు" అని రాశావు. ఈ నాలుగూ ఆ ఒక్క కాలువలోనే ఉన్నాయి. 1806లో బేసిల్ కాక్రేన్ అనే దొర మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వించిన ముక్కతో మొదలై, అంచెలంచెలుగా పెరిగి, ఉత్తరాన పెదగంజాం దగ్గర కృష్ణా డెల్టా కాలువలతో కలిసి, దక్షిణాన మరక్కాణం దాకా వెళ్లింది. మొత్తం దాదాపు 420 కిలోమీటర్లు, అందులో 257 ఆంధ్ర వైపే. అంటే ఒకప్పుడు కాకినాడలో సరుకెక్కించి గోదావరి, కృష్ణా కాలువల మీదుగా మద్రాసు నడిబొడ్డుకి పడవలో రావచ్చు. ఊళ్లో అడయారు నదినీ కూవంనీ కలిపే ఎనిమిది కిలోమీటర్ల ముక్క ఉంది చూడు, ఇవాళ వేళచ్చేరి రైలు స్తంభాలు దిగేసిన చోటు, అది తవ్వింది 1877-78లో ధాత కరువు కూలీలు. ఆ కరువులో పై ప్రభుత్వం పంపిన ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ పుణ్యమా అని సహాయ పనుల్లో మగవాడికి రోజు కూలి ఒక పౌండు ధాన్యానికి, దాని మీద కొద్దిపాటి చిల్లరకి పడిపోయింది, మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఆ తిండితో మనిషి పని చేయలేడని గట్టిగా పోట్లాడాడు. కాలువకి మాత్రం 1878లో గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. తవ్వినవాళ్లలో ఒక్కడి పేరూ ఆ నీళ్ల మీద లేదు. రోజూ ఆ రైలెక్కే మావాళ్లకి అది కంపు కాలువ, అంతే.

ఇక కట్టెలు. మద్రాసులో గ్యాసు రాకముందు ప్రతి ఇంట్లో పొయ్యి మండాలంటే కట్టె కావాలి, ఆ కట్టెలో పెద్ద వాటా మీ శ్రీహరికోట అడవి నుంచే ఈ కాలువలో దిగేది. ఆ దీవిని 1835లో ప్రభుత్వం తన చేతికి తీసుకుంది, అక్కడి యానాదుల చేత అడవి సరుకు పోగు చేయించింది. అంటే మైలాపూరులో ఎవరో అయ్యరుగారింట్లో సాంబారు మరగడానికి శ్రీహరికోటలో ఒక యానాది గొడ్డలి పట్టాలి, మీ తడ వైపు మనిషి ఎవడో గెడ వేసి పడవ నెట్టాలి, గాలి లేకపోతే గట్టు మీద తాడు భుజానికేసుకుని లాగాలి, ఇక్కడ కట్టెల తొట్టిలో ఇంకొకడు తూచాలి. (మీరు అడితి అంటారు, మేం మద్రాసు తెలుగులో తొట్టి అంటాం.) వీళ్లందరి మధ్యా కూర్చుని ఎవడికి ఎంత రావాలో రాసినవాడు మీ తాతయ్య. గొడ్డలి దగ్గర ఎంత, పడవ దగ్గర ఎంత, తొట్టి దగ్గర ఎంత, మధ్యలో ఎవడు తిన్నాడు, ఇది ప్రభుత్వ ఫైలులో దొరకదు. ప్రభుత్వానికి టోల్ ఎంత వచ్చిందో మాత్రమే కావాలి. సరంగుకి, అంటే పడవ నడిపించే పెద్దకి, ఇచ్చిన అడ్వాన్సు సంగతి మీ తాతయ్య పుస్తకంలోనే ఉంటుంది.

అర్థమైందా ఎందుకు ఎగిరి పడ్డానో?

కాలం కూడా చిన్నదిగా పెట్టుకో. నాలా మూడు శతాబ్దాలు వద్దు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, ఒక్క రాత్రిలో ఈ కాలువ రెండు రాష్ట్రాల సొత్తయింది, అడవి ఒక రాష్ట్రంలో, పొయ్యి ఇంకో రాష్ట్రంలో. 1965, 66 తుఫానులు కాలువని దెబ్బ తీశాయి. ఈ రెండిటి మధ్య పదమూడేళ్లు. పొట్టి శ్రీరాములు గారు మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారింట్లో ప్రాణం వదలడం, "మదరాసు మనదే" గొడవ, ఇవన్నీ చాలామంది రాశారు. సరిహద్దు గీసిన మర్నాడు కట్టెల పడవ ఏమైందో ఎవరైనా రాసినట్టు నా కంటికైతే కనపడలేదు. రాజకీయం విడిపోయినా వ్యాపారం విడిపోయిందా, లేక తొట్టి యజమానులూ పడవలవాళ్లూ ఏమీ జరగనట్టే నడిపించేశారా? నాకయితే తెలుసుకోవాలని ఉంది. చదివేవాడికి కూడా "అవునూ, ఏమయింది?" అనిపిస్తే చాలు, ఆ పేజీ పని అయిపోయినట్టే.

ఆ ఏడు ఆసక్తుల చోట ఇలాంటి పేరా ఒకటి పెట్టు. నా మాటలు ఎత్తి రాయకు, నీ మాటల్లో రాయి, తీరు మాత్రం చూడు:

"1953లో రాష్ట్రం విడిపోయాక శ్రీహరికోట నుంచి మద్రాసుకి వచ్చే కట్టెల వ్యాపారం ఎలా మారింది అన్నది నా ప్రశ్న. కొట్టినవాడు, పడవ నడిపినవాడు, తూచి అమ్మినవాడు, వీళ్ల మధ్య డబ్బు ఎలా పంచుకునేవారో చూడాలని ఉంది. మా కుటుంబం దగ్గర ఆ కాలపు గుమాస్తా లెక్కల పుస్తకాలు రెండున్నాయి. వాటిని ప్రజా పనుల శాఖ, అటవీ శాఖ కాగితాలతో పోల్చి చూస్తాను. తెలుగు, తమిళం రెండూ చదవగలను, బీకాంలో నేర్చుకున్న లెక్కల పద్ధతి ఈ పుస్తకాలు చదవడానికి పనికొస్తుంది. కాలువ పక్క ఊళ్లలో పడవల మీద పనిచేసిన పెద్దవాళ్లు కొందరు ఇంకా ఉన్నారు, వారితో మాట్లాడడం మొదలుపెట్టాను."

చివరి వాక్యం అబద్ధం కాకూడదు సుమా. ఈ ఆదివారమే వెళ్లు. ఫోన్లో రికార్డింగ్ పెట్టి, "ఆ రోజులు ఎలా ఉండేవి తాతా" అని అడగకు, "బంగారంలా ఉండేవమ్మా" అంటారు, అక్కడితో అయిపోతుంది. "పొద్దున లేచి పడవ దగ్గరికి వెళ్లాక మొదట ఏం చేసేవాళ్లు?" అని అడుగు. ఒక్క రోజు పని, పొద్దుటి నుంచి రాత్రి దాకా. అన్నం ఎక్కడ వండుకునేవారు, ఆటుపోటు కోసం ఎంతసేపు ఆగేవారు, డబ్బు ఎవరి చేతి నుంచి తీసుకునేవారు. తొంభై ఏళ్ల మనిషి ఉంటే ముందు ఆయన దగ్గరికి వెళ్లు, ఆర్కైవ్స్ ఎక్కడికీ పారిపోదు.

ఆర్కైవ్స్ అన్నాను కాబట్టి, అప్లై చేసే ముందే ఒక్కరోజు వెళ్లిరా. ఎగ్మూరులో ఎర్ర ఇటుకల భవనం, 1909 నాటిది. మీ డిపార్ట్‌మెంట్ నుంచి లెటర్ తీసుకెళ్లు, ఫొటోలకి, ఫీజులకి అక్కడి రూల్స్ అక్కడే అడుగు, ఎప్పటికప్పుడు మారుతుంటాయి. పెన్సిల్ పట్టుకెళ్లు. లోపల నేరుగా "కాలువ కాగితాలు ఇవ్వండి" అంటే ఎవరూ ఇవ్వరు. శాఖల వారీగా, ఏళ్ల వారీగా లావుపాటి ఇండెక్స్ పుస్తకాలుంటాయి, అందులో నీకు కావలసిన మాట ఏ పేరు కింద దాక్కుందో వెతకాలి, ఒక ఏడాది కెనాల్స్ కింద ఉంటే ఇంకో ఏడాది నావిగేషన్ కింద, కొన్నిసార్లు ఫ్యూయెల్ కింద. జీవో నంబరు, తేదీ రాసుకుని స్లిప్ ఇస్తే కట్ట వస్తుంది, కొన్నిసార్లు మధ్యాహ్నం దాకా రాదు. విప్పితే అంచులు పొడిపొడిగా బల్ల మీద రాలతాయి. పైన ఆర్డరు రెండు లైన్లుంటుంది, అది చూసి మూసేయకు, అసలు కథ దాని వెనక కుట్టిన ఉత్తరాల్లో, అర్జీల్లో, మార్జిన్‌లో ఎవడో గుమాస్తా రాసిన గీకుడులో ఉంటుంది. మొదటి రోజు ఏమీ దొరక్కపోయినా ఆ ఇండెక్సులో నాలుగు నంబర్లు రాసుకొచ్చినా చాలు, సోమవారం ప్రశ్నకి జవాబు నీ జేబులో ఉన్నట్టే. 1953 తర్వాత ఆంధ్ర వైపు కాగితాల కోసం హైదరాబాదు తార్నాకలో కూడా వెతకాల్సి వస్తుంది, అది సీటు వచ్చాక.

పేపర్ల సంగతి ఒక్క మాట. కన్నెమరా లైబ్రరీ ఆర్కైవ్స్ నుంచి నడిచి వెళ్లేంత దూరం, పాత తెలుగు పత్రికల కోసం అక్కడ అడుగు. పంతొమ్మిదో శతాబ్దం వైపు వెళ్లాల్సి వస్తే నేటివ్ న్యూస్‌పేపర్ రిపోర్ట్స్ అని ప్రభుత్వం ఎప్పటికప్పుడు చేయించుకున్న అనువాదాలుంటాయి, మూలం పోయిన పత్రికల మాటలు కూడా వాటిలో మిగిలాయి. కానీ అనువదించినవాడు దొరగారికి ఏం కావాలో చూసి ఏరాడని మర్చిపోవద్దు.

నీ చిత్తులో ఒక తప్పు ఉంది, ఇది మాత్రం వెంటనే దిద్దుకో. "మెకంజీ సేకరించిన కృష్ణా జిల్లా మాన్యువల్" అని రాశావు. కైఫీయతులు పోగు చేయించింది కాలిన్ మెకంజీ, 1821లోనే పోయాడు. కృష్ణా జిల్లా మాన్యువల్ 1883లో రాసింది గోర్డన్ మెకంజీ, మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి. ఇద్దరికీ అరవై ఏళ్ల దూరం. అయినా నీకు కావలసింది కృష్ణా కాదు, నెల్లూరు. 1873లో బాస్వెల్ రాసిన నెల్లూరు మాన్యువల్ ఉంది, అది చదివావా? చదవకపోతే చదువు. పేర్లు ఎక్కువ పెడితే గొప్పగా ఉంటుందనుకుంటారు పిల్లలు, ఇంటర్వ్యూలో ప్రతి పేరూ ఒక ప్రశ్న అవుతుంది. చదివినవి మూడే ఉంటే మూడే పెట్టు. పెద్ద పెద్ద సిద్ధాంతకర్తల పేర్లు కూడా అంతే, ఫ్రెంచి పేర్లు రాసి పలకలేక తడబడినవాళ్లని చాలామందిని చూశాను.

నెట్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ఏడాదికి రెండుసార్లు పెడతారు, రాస్తూ ఉండు. జేఆర్ఎఫ్ (అందులో పై ర్యాంకు వాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకి 37,000, అది ఉంటే ఇంట్లో పెళ్లి మాట కొన్నాళ్లు వాయిదా పడుతుంది, నవ్వకు, చాలామంది అమ్మాయిల విషయంలో ఇది నిజం. ఇప్పుడు నెట్ స్కోరు పీహెచ్‌డీ అడ్మిషన్‌కి కూడా లెక్కలోకి తీసుకుంటున్నారు కాబట్టి జేఆర్ఎఫ్ రాకపోయినా ఆ మార్కు వృథా కాదు. ఎంఫిల్ చేసి తర్వాత చూద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే వినకు, 2022 నిబంధనలతో ఎంఫిల్ ఎత్తేశారు.

గైడుని ఎంచుకునేటప్పుడు మాత్రం ఆయన పేరు ఎంత పెద్దది అని కాక, ఆయన కింద ఇప్పుడు చేస్తున్న పిల్లల్ని పట్టుకుని, చాప్టర్ ఇస్తే ఎన్ని రోజులకి చదివి తిరిగిస్తారు అని అడుగు. అంతకుమించి ఏమీ అడగక్కర్లేదు.

పేజీని ముందు తెలుగులోనే రాసుకో. నీ ఇంగ్లీషు బాగానే ఉంది, కానీ ఇంగ్లీషులో మొదలుపెట్టగానే "కీన్ ఇంట్రెస్ట్", "పాషనేట్" అంటూ ఎవరిదో గొంతు వచ్చేస్తోంది. తెలుగులో మీ నాన్నకి చెప్పినట్టు రాసి, ఆయనకి చదివి వినిపించి, ఆయనకి అర్థమైతే అప్పుడు ఇంగ్లీషు చెయ్యి. పైగా ఆ పుస్తకాల గురించి ఆయనకి నీకంటే ఎక్కువ తెలిసి ఉంటుంది.

పుస్తకాలు ఎక్కడ పెట్టారు? అటక మీదో, ట్రంకు పెట్టెలోనో అయితే దించి, ప్లాస్టిక్ కవర్లో ఉంటే ముందు అందులోంచి తీసెయ్, చెమ్మ పట్టి సిరా పాకుతుంది. ఎండలో మాత్రం పెట్టకు. పాత చీర ముక్క ఉతికి ఆరేసి అందులో చుట్టు. చిరిగిన చోట సెల్లోటేప్ వేయొద్దు, దండం పెడతాను. పేజీ పేజీ ఫొటో తియ్యి, ఖాళీ పేజీలు కూడా, అట్ట లోపలి వైపు కూడా, గుమాస్తాలు అక్కడే అప్పుల లెక్కలు రాసుకునేవారు. పేజీలు చింపి విడదీయకు.

ఒక్క విషయం చూసి నాకు రాయి. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలొచ్చాయి, ఆ తర్వాత కొన్నేళ్లలో మణుగులు, వీశెలు పోయి కిలోలొచ్చాయి. మీ తాతయ్య పుస్తకాల్లో ఆ మార్పు కనపడుతోందా? అణాకి ఆరుంపావు పైసలు కదా, ఆ పావు పైసా ఆయన ఎవరి ఖాతాలో వేశారు, సరంగు ఖాతాలోనా, యజమాని ఖాతాలోనా?